తిట్టింది మనిషా, దెబ్బా? రామదాసు చెరసాల కీర్తనల్లో నొప్పి, ఆలోచన

పరిచయం

రామదాసు కీర్తనలను మీరు భక్తి సాహిత్యంలో భాగంగా ఇంతకుముందే చదివి ఉంటారు. ఖమ్మం, భద్రాచలం వైపు పుట్టి పెరిగినవారైతే చదవడానికి ముందే విని ఉంటారు. నవమి పందిట్లో, శనివారం భజనలో, పొద్దున్నే గుడి మైకులో ఆ పాటలు వినిపిస్తూనే ఉంటాయి. చిన్నప్పటి నుంచి చెవిలో పడ్డ పాటను విమర్శ దృష్టితో చదవడం కష్టం. తెలిసిందే కదా అని మాటల మీద నుంచి జారిపోతాం. ఈ పాఠంలో అలా జారిపోకుండా, ఒక నిర్దిష్టమైన ప్రశ్నతో మూడు కీర్తనలను దగ్గరగా చూద్దాం.

ప్రశ్న ఇది. ఎడతెగని నొప్పిలో ఉన్న మనిషి ఆ నొప్పి గురించి తనలో తాను ఏమనుకుంటాడు? అలా అనుకున్న మాటను తానే మళ్ళీ నిలదీయగలడా? నిలదీస్తే అందులో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది?

ఇవాళ దీర్ఘకాలిక నొప్పికి చేసే చికిత్సలో మందులు, వ్యాయామంతో పాటు ఈ ప్రశ్నకూ చోటు ఉంది. మూడు నెలలు దాటి కొనసాగే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అటువంటి నొప్పితో బతికేవారికి తమ ఆలోచనలను తామే పరీక్షించుకోవడం నేర్పే పద్ధతులు ఉన్నాయి. మనది సాహిత్య విమర్శ పాఠం కనుక వైద్యం జోలికి అవసరమైనంత మేరకే వెళ్దాం. అయితే ఆ పద్ధతులు అడిగే ప్రశ్నలు రామదాసు పాటలను కొత్తగా చదవడానికి పనికొస్తాయని నా అభిప్రాయం. ఆ ప్రశ్నలు ఎక్కడ ఆగిపోవాలో ఆ పాటలే చెబుతాయి. నాకు ముఖ్యమనిపించేది ఈ రెండో సంగతే.

నేపథ్యం

కంచర్ల గోపన్న 17వ శతాబ్దం వాడు. ఊరు నేలకొండపల్లి. గోల్కొండను చివరగా ఏలిన అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన తానీషా, 1672లో గద్దెనెక్కాడు. అతని కొలువులో మంత్రాంగం నడిపిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని సంప్రదాయం చెబుతుంది. వారి చలవతోనే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పని దొరికింది. శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం ఆయన ఉద్యోగం. ఆ సొమ్ముతో భద్రగిరి మీద రాముడికి గుడి కట్టించి నగలు చేయించాడన్నది ఆయన మీద మోపిన నేరం. ఖజానాకు చేరవలసిన మొత్తం 6 లక్షలని, చెర 12 ఏళ్ళని కథ. తానీషా ఏలుబడే 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యేవరకు, అంటే 15 ఏళ్ళు మాత్రమే. కనుక 12 అన్న అంకెను పట్టుకుని వాదించుకోనక్కరలేదు. చెర దీర్ఘమైనదన్నది మనకు చాలు. గోల్కొండ కోట చూడబోయినవారికి రామదాసు బందిఖానా అని ఒక చీకటి గదిని ఇప్పటికీ చూపిస్తారు.

కథలో మిగిలిన భాగం మీకు తెలుసు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి తానీషాకు సొమ్ము కట్టారు, గోపన్న విడుదలయ్యాడు. ఈ ముగింపును పక్కన పెట్టి చదవండి. ముగింపు తెలిసినవాడు పాటలోని బాధను సగమే వింటాడు. ఎలాగూ విడుదలవుతాడు కదా అన్న ధీమా మనకుంటుంది. పాట పాడుతున్నవాడికి అది లేదు.

లెక్క చెప్పిన పాట

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను తీసుకుందాం. దీని నడక చాలా సాదాది. చరణానికొక వస్తువు, వస్తువుకొక ధర. గుడి చుట్టూ ప్రాకారాలు కట్టించాను, ఇంత ఖర్చయింది. భరతుడికి పచ్చల పతకం చేయించాను, ఇంతయింది. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, ప్రతిదానికీ పదివేలు. ఒకచోట వరహాలు, ఇంకొకచోట మొహరీలు. చివరకు రాముడికి చేయించిన కలికితురాయి దగ్గరకు వచ్చేసరికి లెక్క ఆగి తిట్టు మొదలవుతుంది. ఎవరి సొమ్మనుకుని ఇలా కులుకుతూ తిరుగుతున్నావు, నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అని నిలదీస్తాడు.

సాధారణంగా వ్యాఖ్యాతలు ఈ తిట్టు దగ్గర ఆగి, భక్తుడికి దేవుడి మీద ఉన్న చనువు చూడండి అంటారు. నేను మిమ్మల్ని ముందుగా ఆ లెక్క దగ్గర ఆగమంటున్నాను. పాడుతున్నది ఒక తహసీల్దారు. అతని మీద మోపిన నేరం లెక్క తేలకపోవడం. జమాబందీ కాగితాల మధ్య బతికిన మనిషి కొరడా దెబ్బల కింద కూడా పద్దు వెంట పద్దు చెబుతున్నాడు. రాజుకు చెప్పుకోవలసిన సంజాయిషీ దేవుడికి చెబుతున్నాడు. సొమ్ము ఎక్కడికి పోయిందో రాజుకు తెలియదు. తెలిసినవాడు పలకడం లేదు. నొప్పిలో ఉన్నవాడి మొదటి ఆలోచన ఇలాగే ఉంటుంది. నేను ఇంత చేశాను, నాకెందుకిలా జరిగింది? ఈ ప్రశ్నకు ఎవరైనా సరే తమ జీవితంలోని పద్దులన్నీ తీసి ముందు పరుస్తారు. పిల్లలను చదివించాను, ఎవరికీ అన్యాయం చేయలేదు, ఏ పూజా మానలేదు, అయినా ఈ నడుము ఇలా పట్టుకుంది అంటారు. మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే ఈ జాబితా మీకే వినిపిస్తుంది.

తిట్టు తరువాత వచ్చే చరణం అసలు చూడవలసింది. అలా తిట్టానని నొచ్చుకోవద్దని రాముడిని బతిమాలుతాడు. ఈ దెబ్బలకు తాళలేకనే ఆ మాటలు వచ్చాయని చెప్పుకుంటాడు. ఆపైన తనను ఏలుకొమ్మని అడిగి పాట ముగిస్తాడు.

ఈ చరణంలో రామదాసు ఏం చేశాడో జాగ్రత్తగా గమనించండి. తన నోటి నుంచి వచ్చిన మాటకు తానే మూలం వెతికాడు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? రాముడి గుణం నుంచి వచ్చిందా? తన నమ్మకం నుంచి వచ్చిందా? కాదు, దెబ్బ నుంచి వచ్చింది. రాముడు ఎలాంటివాడన్న సంగతి ఆ తిట్టులో లేదు, ఒంటి మీద పడిన దెబ్బ ఎంతటిదన్నది మాత్రం ఉంది. నొప్పి తన గొంతుతో మాట్లాడిందని గుర్తించి, ఆ మాటను వెనక్కు తీసుకున్నాడు.

మరి ఏం వెనక్కు తీసుకోలేదు? పద్దులు. పచ్చల పతకం చేయించలేదని అనలేదు. పదివేలు కాదు, అయిదువేలే అనలేదు. సొమ్ము ఖర్చయింది, నువ్వు పలకలేదు అన్న ఫిర్యాదు అక్షరం మారకుండా నిలిచే ఉంది. తిట్టు ఒక్కటే పోయింది. రామదాసు చేయించినవని చెప్పే నగలు భద్రాచలంలో ఇప్పటికీ ఉన్నాయి, నవమి కల్యాణం నాడు స్వామివారికి, అమ్మవారికి వాటిని అలంకరిస్తారు. లెక్కకు సాక్ష్యం కళ్ళెదుట ఉన్నట్టే.

ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే. నొప్పి గురించిన ఆలోచనను ప్రశ్నించడమంటే ఫిర్యాదు మానుకోవడం కాదు. ఫిర్యాదులో నిజమైనదేదో, నొప్పి తెచ్చి కలిపినదేదో విడదీయడం. రామదాసు ఆ రెండింటినీ రెండు చరణాల మధ్య విడదీశాడు.

ఇది నిందాస్తుతేనా?

ఈ కీర్తనను నిందాస్తుతి కింద చెప్పడం మన పాఠ్యపుస్తకాల్లో అలవాటు. నేను ఒప్పుకోను. నిందాస్తుతిలో నింద పైపై వేషం, లోపల ఉన్నది పొగడ్త. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం అందుకు చక్కని ఉదాహరణ. అక్కడ కవి దేవుడి గొప్ప పనులనే లోపాలుగా మార్చి చెబుతాడు. చదివేవాడు మర్మం పట్టుకుని నవ్వుకుంటాడు. నింద ఎంత పదునైతే పొగడ్త అంత చమత్కారంగా ఉంటుంది. కవికి క్షమాపణ చెప్పే అవసరం రాదు, ఎందుకంటే అతను నిజంగా తిట్టలేదు.

రామదాసు నిజంగానే తిట్టాడు. తిట్టకపోతే తిట్టానని నొచ్చుకోవద్దని అడగడం దేనికి? క్షమాపణ చరణం ఉంది కనుకనే అది వట్టి అలంకారం కాదని తేలుతోంది. నిందాస్తుతి అన్న పేరు తగిలిస్తే తిట్టు చమత్కారమైపోతుంది, దెబ్బ కథలో ఒక వివరంగా మిగులుతుంది. ఏళ్ళ తరబడి నొప్పితో ఉన్నవారిని కూడా మనం ఇలాగే చూస్తుంటాం. వారు విసుక్కుంటే అది వారి స్వభావమంటాం, లేదా పాపం ఊరికే అన్నారులే అని కొట్టిపారేస్తాం. ఆ మాట నిజంగా అన్నారనీ, అనిపించింది నొప్పి అనీ రెండూ ఒకేసారి ఒప్పుకోవడం మనకు కష్టం.

ఇంకొక పోలిక చూడండి. 16వ శతాబ్దం చివర కేరళలో మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగంతో బాధపడుతూ గురువాయూరులో నారాయణీయం రచించాడు. 100 దశకాల ఆ కావ్యంలో దశకం చివర రోగం పోగొట్టమని ప్రార్థన తరచుగా వస్తుంది. అక్కడ నొప్పి ఒక మనవి. పండితుడి మర్యాద ఎక్కడా చెదరదు. రామదాసు పాటలో మర్యాద చెదిరింది, చెదిరిన తరువాత సర్దుకుంది. కావ్యంగా ఏది గొప్పదన్న పోటీ నేను పెట్టడం లేదు. నొప్పి మనిషి మాటను ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం రామదాసు దగ్గరే ఎక్కువ దొరుకుతుంది.

ఒకే మౌనం, మూడు అర్థాలు

ఇప్పుడు ఇంకో రెండు కీర్తనలను పక్కన పెట్టుకుని చూద్దాం. వీటిలో ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస మనకు అక్కరలేదు. మూడింటిలోనూ జరిగిన సంగతి ఒక్కటే. పిలిచాడు, జవాబు రాలేదు. ఆ మౌనానికి రామదాసు చెప్పుకున్న అర్థం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

‘ఇక్ష్వాకు కులతిలక’లో మౌనానికి అర్థం నిర్లక్ష్యం. నా సొమ్ముతో సింగారించుకుని నన్ను మరిచావు అన్న కోపం.

‘పలుకే బంగారమాయెనా’లో అదే మౌనం ఒక ప్రశ్నగా మారింది. మాట అంత ఖరీదైపోయిందా అని అడుగుతున్నాడు. నిందకు బదులు ఇక్కడ వెతుకులాట ఉంది. రాముడి పాత పనులను గుర్తు చేసుకుంటాడు. ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించినవాడు, రాతిని ఆడదానిగా మార్చినవాడు అని తలచుకుంటాడు. ఇవి స్తోత్రంలో అలవాటుగా వచ్చే విశేషణాలే కావచ్చు. ఈ సందర్భంలో వాటికి మరో పని ఉంది. రాముడు పట్టించుకోడు అన్న తన ఆలోచనకు ఎదురు సాక్ష్యాలు అవి. ఉడుతను పట్టించుకున్నవాడు నన్ను పట్టించుకోకపోవడమేమిటి? ఈ ప్రశ్న ఆశ వైపూ పోగలదు, నిరాశ వైపూ పోగలదు. పాట రెంటి మధ్యా ఊగుతుంది. పంతం పట్టడానికి నేనెంతటివాడిని అని తగ్గుతాడు కూడా.

మూడోది ‘నను బ్రోవమని చెప్పవే’. ఇది రాముడితో మాట్లాడే పాట కాదు, సీతమ్మతో మాట్లాడే పాట. ఏకాంత వేళ నా సంగతి ఆయన చెవిన వేయమ్మా అన్న వేడుకోలు. ఇక్కడ మౌనానికి అర్థం పూర్తిగా మారింది. ఆయన నిరాకరించలేదు, నా మాట ఆయనకు చేరవలసిన వేళలో చేరలేదేమో! సర్కారు కొలువు చేసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అర్జీ పెడితే సరిపోదు, సమయం చూసి ఎవరో ఒకరు దొరవారి చెవిన వేయాలి. మనలో ఆఫీసుల చుట్టూ తిరిగినవారికీ తెలుసు.

ఆలోచన మారినప్పుడు ఏం మారిందో చూడండి. నిర్లక్ష్యం అనుకున్నప్పుడు తిట్టు తప్ప చేయగలిగింది లేదు. చేరలేదేమో అనుకున్నప్పుడు చేయవలసిన పని ఒకటి కనిపించింది, సీతమ్మను అడగడం. నొప్పి అంతే ఉంది, గోడలు అవే. కానీ మనిషి కదలడానికి కాస్త చోటు దొరికింది.

ఇక్కడ ఆగి, ఈ మూడు పాటల్లో దేనిలో నొప్పి ఎక్కువగా వినిపిస్తోందో మీ నోట్సులో రాసుకోండి. తిట్టు ఉన్న పాటే అని చాలామంది రాస్తారు. సీతమ్మను వేడుకునే పాటలోని మెత్తదనం అంతకన్నా అలసిపోయిన గొంతుదేమో కూడా ఆలోచించండి.

నొప్పి, నొచ్చుకోవడం

ఈ రకమైన పఠనానికి ఆధునిక మనస్తత్వశాస్త్రంలో ఉన్న ఆధారాన్ని క్లుప్తంగా చెబుతాను. 1950లలో న్యూయార్కులో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ మానసిక బాధలకు ఒక చికిత్సా మార్గం చూపారు. మనసులో తనంతట తాను మెరిసే ఆలోచనను నిజమని వెంటనే నమ్మకుండా, దాన్ని బయట పెట్టి, ఆధారమేమిటని అడగడం ఆ మార్గం. దాన్నే తరువాత కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అన్నారు, నొప్పికీ వాడారు. ఈ నడుము ఇక బాగుపడదు, కదిలితే ఏదో విరుగుతుంది, నేను ఇంటికి భారమయ్యాను అన్న మాటలు రోగికి అనుమానాల్లా తోచవు, జరిగిపోయిన సంగతుల్లా తోస్తాయి. జరిగినదేది, నేను చేర్చినదేది అని విడదీయడం అక్కడ మొదటి పని. ఇదే మాట నా చెల్లెలు తన గురించి అంటే నేనేమంటాను అన్నది ఆ పద్ధతిలో తరచూ వేసే ఇంకొక ప్రశ్న.

1995లో మైకేల్ సల్లివన్, ఆయన సహచరులు నొప్పి గురించి మనసు చేసే అతిని కొలవడానికి 13 వాక్యాల ఒక కొలబద్ద తయారుచేశారు. అందులో మూడు పోకడలు ఉన్నాయి. నొప్పినే మళ్ళీ మళ్ళీ తలపోయడం, దాన్ని పెంచి చూడటం, నా చేతిలో ఏమీ లేదని చేతులెత్తేయడం. కీర్తనలో పల్లవి ప్రతి చరణం తరువాతా తిరిగి రావడాన్ని మొదటి పోకడతో పోల్చాలనిపిస్తుంది. కానీ తొందరపడకూడదు. మనసు ఒకే గాడిలో తిరిగితే వచ్చిన చోటికే వస్తుంది. పాటలో పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా దాని ముందు ఒక కొత్త చరణం ఉంటుంది. నగల లెక్క తరువాత వినే పల్లవీ, క్షమాపణ తరువాత వినే పల్లవీ ఒకటి కావు. అక్షరాలు ఒకటే, అడుగుతున్న మనిషి మారాడు. కొలబద్దతో కవిత్వాన్ని కొలిచే విమర్శకులు ఈ తేడా పోగొట్టుకుంటారు.

ఈ ఆలోచన పడమటి నుంచే వచ్చిందనుకోవద్దు. సంయుక్త నికాయంలో బుద్ధుడు రెండు బాణాల పోలిక చెబుతాడు. ఒంటికి తగిలిన నొప్పి మొదటి బాణం, దాని మీద మనసు పడే వేదన రెండో బాణం. అన్నట్టు గోపన్న ఊరు నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం ఉంది. అంతమాత్రాన ఆ బోధ రామదాసుకు అందిందని రాస్తే అది విమర్శ అనిపించుకోదు, ఊరి మీద మోజు అనిపించుకుంటుంది. పరీక్షల్లో అలా రాయకండి.

అంతకన్నా దగ్గరి ఆధారం మన భాషలోనే ఉంది. ఒంటికి కలిగేది నొప్పి, మనసుకు కలిగేది నొచ్చుకోవడం. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. బాధ అన్న మాటయితే రెంటికీ ఒకటే. సలుపు, పోటు, తీపు, గుంజడం, పీకడం అని ఒంటి నొప్పికి ఎన్నో పేర్లు పెట్టుకున్న జనం, దాన్ని మనసు నుంచి పూర్తిగా తెంచలేదు. ఇంకొకటి గమనించండి. తెలుగులో నొప్పి వస్తుంది, పోతుంది, నాకు ఉంటుంది. నేను నొప్పి చేయను. వాక్యనిర్మాణమే నొప్పిని నా నుంచి ఒక అడుగు దూరంలో నిలబెడుతుంది. దెబ్బలకు తాళలేక అన్నాను అని రామదాసు అనగలగడం వెనుక ఈ భాష ఇచ్చిన వెసులుబాటు కొంత ఉందని నేననుకుంటాను.

ఈ పఠనానికి హద్దులు

ఇప్పుడు అడ్డు ప్రశ్న వేసుకోవాలి. రామదాసుది రోగం కాదు, శిక్ష. కొట్టేవాడు ఒకడు ఎదురుగా ఉన్నాడు. అలాంటివాడికి ఆలోచన మార్చుకోమని చెప్పడం ఎవరికి లాభం? కొట్టేవాడికే కదా!

ఈ అభ్యంతరం బలమైనది. రామదాసు ఎన్ని పాటలు పాడినా దెబ్బలు ఆగలేదు. కథ ప్రకారం సొమ్ము ముట్టాకే ఆగాయి. అంటే నొప్పికి కారణం బయట ఉన్నప్పుడు, ఆ కారణం తొలగితేనే నొప్పి తొలగింది. భక్తి వల్ల ఆయనకు నొప్పి తెలియలేదని కొందరు రాస్తారు. కీర్తన దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. నొప్పి తెలిసింది, ఓర్చుకోలేనంతగా తెలిసింది, ఆ మాట ఆయనే చెప్పాడు.

మన ప్రాంతానికి రండి. జనవరి మొదలుకొని ఖమ్మం జిల్లా చేలల్లో మిరప కోతలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉండాలి. అడవి అంచు కోయగూడేల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి ఆడవాళ్ళు ఈ పనికి వస్తారు. ఎండాకాలం తునికాకు. తెల్లవారకముందే అడవికి పోవాలి, ఆకు తెంపాలి, 50 ఆకులకొక కట్ట కట్టాలి, కల్లానికి మోయాలి. ఏళ్ళ తరబడి ఈ పని చేసిన మనిషి నడుం గుంజుతున్నది అంటే, అది నీ ఆలోచన అనే హక్కు కల్లం గుమాస్తాకు లేదు, మనకూ లేదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు ఒక వివరణ చేర్చింది. తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలి అన్నది దాని సారం. పని గంటలు, కూలి, విశ్రాంతి, వైద్యం అన్నవి పచ్చల పతకం లాంటి పద్దులు. అవి లెక్కలో నిలవాలి. ఇక నేను దేనికీ పనికిరాను అని ఆమె రాత్రి చాప మీద తనను తాను అనుకునే మాట వేరు. దాన్ని ప్రశ్నించవచ్చు. అదీ ఆమే ప్రశ్నించుకోవాలి, బయటివారు ఆమె మీద ప్రయోగించకూడదు.

చికిత్సగా కూడా దీని ఫలితాన్ని పెంచి చెప్పకూడదు. 2020లో కాక్రేన్ సంస్థ 75 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఈ పద్ధతి వల్ల నొప్పి, ఇబ్బంది, దిగులు తగ్గడం నిజమే గానీ తగ్గింది కొద్దిగానే అని తేలింది. కొద్దిగా అన్నది ఏళ్ళ నొప్పి ఉన్నవారికి తక్కువేమీ కాదు, కానీ అద్భుతమూ కాదు. కొత్తగా మొదలైన నొప్పికి, జ్వరంతోనో తిమ్మిరితోనో వచ్చే నొప్పికి ముందు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొక హద్దు సాహిత్యపరమైనది. చికిత్సలో రోగి కాగితం మీద తన ఆలోచన రాసుకుని తననే ప్రశ్నించుకుంటాడు. రామదాసు ఒంటరిగా ప్రశ్నించుకోలేదు. ఎవరో వింటున్నారని నమ్మి, వారి ముందు తిట్టాడు, వారి ముందే సర్దుకున్నాడు. వినేవాడు లేకపోతే ఆ క్షమాపణ చరణమే లేదు. ఈ పాటలను స్వయంచికిత్స అని పిలిస్తే సంబోధన పోతుంది. కీర్తనకు ప్రాణం సంబోధన. అందుకే నా పఠనాన్ని కూడా మీరు సగం అనుమానంతోనే చదవాలి. దేవుడిని నమ్మనివారు ఈ పాటలో వినేవాడి చోటును ఎలా అర్థం చేసుకుంటారన్నది చర్చించదగిన ప్రశ్న. తల్లో, స్నేహితురాలో, ఆశా కార్యకర్తో ఆ చోట నిలబడగలరని నాకనిపిస్తుంది. తిట్టు విన్న తరువాత కూడా లేచి వెళ్ళిపోకపోవడమే అక్కడ కావలసింది.

అభ్యాసం

కచేరీల్లో, క్యాసెట్లలో, సినిమాల్లో సమయం చాలక చరణాలు వదిలేయడం మామూలే. 1964లో చిత్తూరు నాగయ్య తీసిన ‘రామదాసు’, 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమాలు, బాలమురళీకృష్ణ గానం, మీ ఊరి భజన బృందం పాడే తీరు. వీటిలో మీకు అందుబాటులో ఉన్న రెండింటిని వినండి. ‘ఇక్ష్వాకు కులతిలక’లో ఎవరు ఏ చరణం వదిలారో, తిట్టును ఏ గొంతుతో పాడారో రాసుకోండి. తిట్టు ఉండి క్షమాపణ లేకపోతే పాట ఏమవుతుంది? తిట్టును మెత్తగా పాడి క్షమాపణను సాగదీస్తే ఏమవుతుంది? మూడు పేజీలకు మించకుండా రాసి సంపర్క తరగతికి తీసుకురండి. భజన బృందంలో వయసు పైబడినవారిని కూడా అడగండి, తాము ఏ చరణం దగ్గర ఎక్కువసేపు నిలుస్తారని.